లోకల్ రైలు అప్పు చివరికి తీర్చేదెవరు?

నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? ఒకసారి చేతులెత్తండి. సరే, మైకు ఇంకొంచెం దగ్గర పెట్టుకుంటాను.

శివార్లలో ఇల్లు, నగరం నడిమధ్యలో ఉద్యోగం. పొద్దున రెండు మూడు గంటల్లో లక్షల మందిని లోపలికి తెచ్చి, సాయంత్రం మళ్లీ వాళ్లందర్నీ ఇళ్లకు చేర్చే రైళ్ల గురించి ఇవాళ మాట్లాడుకుందాం. ఇలాంటి కొత్త లైను ఎక్కడ ప్రకటించినా పేపర్లో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ఫలానా బ్యాంకు ఇంత ఇస్తోంది, ఫలానా ప్రభుత్వం ఇంత ఇస్తోంది, మిగతాది ప్రైవేటు పెట్టుబడి అని. అది చదివినవాళ్లు డబ్బు దొరికేసింది, ఇక రైలు వచ్చేసినట్టే అనుకుంటారు. నేను చాలా ఏళ్లు ఈ లెక్కల పట్టికల మధ్యే పనిచేశాను, ఆ వాక్యం కనబడినప్పుడల్లా నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. బ్యాంకు ఇచ్చేది అప్పు కదా, ప్రైవేటు కంపెనీ డబ్బు పెట్టేది లాభం కోసం కదా, మరి వీళ్లిద్దరికీ తిరిగి కట్టేది ఎవరు? ఆ పేరు మాత్రం వార్తలో ఉండదు. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఆ పేరు గురించే.

చిన్న లెక్క చేద్దాం. లైను కట్టడానికి 100 అవుతుందనుకోండి, ఏ నాణెమైనా సరే. అందులో 40 ప్రభుత్వం ఇచ్చింది, 60 అప్పు తెచ్చారు, వడ్డీ 5 శాతం, గడువు 30 ఏళ్లు, ఏటా సమాన కిస్తీలు. 30 ఏళ్లలో కట్టేది ఎంతో తెలుసా? సుమారు 117. తెచ్చింది 60. అదే అప్పు 1 శాతానికి దొరికితే కట్టేది 70 లోపే. అందుకే వడ్డీ గురించి అంత పట్టుబడతారు, పట్టుబట్టాలి కూడా. కానీ వడ్డీ ఎంత తక్కువైనా అది అప్పే. పెట్టుబడి వేరు, రాబడి వేరు. పెట్టుబడి అంటే ఇవాళ చేతిలో ఉన్న డబ్బు. రాబడి అంటే ఏటా వచ్చి ఆ కిస్తీ కట్టే డబ్బు. ఈ రెండింటినీ కలిపేసి ఒకే మాటగా మాట్లాడటం వల్లే చాలా రైళ్లు సగంలో ఆగాయి, కట్టినవి కూడా తడబడుతూ నడుస్తున్నాయి.

ఆ రాబడి వచ్చే జేబులు ప్రపంచం మొత్తం వెతికినా మూడే. ఎక్కేవాళ్ల జేబు, అంటే టికెట్టు. అందరి జేబు, అంటే పన్ను. మూడోది, రైలు రావడం వల్ల ఎవరి స్థలం, ఎవరి షాపు, ఎవరి ఆఫీసు విలువ పెరిగిందో వాళ్ల జేబు. నాలుగోది లేదు. బాండ్లు, ప్రైవేటు భాగస్వామ్యం, విదేశీ రుణం, ఇలా ఏ పేరు చెప్పినా ఈ మూడు జేబుల్లోకి రేపు చెయ్యి పెడతామని ఇవాళ రాసిచ్చే కాగితాలే అవన్నీ.

ముందు టికెట్టు సంగతి. టికెట్ల మీదే ఎందుకు నడవదు అని చాలామంది అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. లోకల్ రైలుకి ఉన్న జబ్బు ఏమిటంటే, పొద్దున ఒక దిక్కుకే కిటకిట, తిరుగు ప్రయాణంలో ఖాళీ. మధ్యాహ్నం రెండు దిక్కులా పలచన. కానీ బోగీలు ఎన్ని కొనాలి, డ్రైవర్లు ఎంతమంది కావాలి, ప్లాట్‌ఫాం ఎంత పొడవుండాలి అన్నవి ఆ కిటకిటలాడే రెండు గంటల్ని బట్టే తేలతాయి. రోజులో మిగతా సేపు ఆ సరంజామాలో చాలా భాగం డిపోలో నిలబడి ఉంటుంది, ఖర్చు మాత్రం నడుస్తూనే ఉంటుంది. పైగా రోజూ వచ్చేవాళ్లు నెల పాసు కొంటారు, అంటే అత్యంత ఖర్చుతో కూడిన సీటుని అత్యంత తక్కువ ధరకి అమ్ముతున్నాం. అందుకే చాలా చోట్ల టికెట్ల డబ్బు రోజువారీ నడిపే ఖర్చుకే చాలదు, కట్టిన అప్పు తీర్చడమన్నది దాని వల్ల అయ్యే పని కాదు.

ఈ జబ్బుని నూరేళ్ల క్రితమే కనిపెట్టి మందు వేసినవాడు ఒకాయన ఉన్నాడు, జపాన్‌లో కొబయాషి ఇచిజో. ఆయన కథ చెప్పడం నాకు ఇష్టం, కాస్త ఓపిక పట్టండి. 1910లో ఒసాకా ఉమెదా నుంచి పొలాల మీదుగా ఒక ఎలక్ట్రిక్ రైలు లైను తెరిచారు. ఆ పల్లెల్లో ఎక్కేవాళ్లు ఎవరున్నారు? ఎవరూ లేరు. అందుకని లైను పక్కన భూములు ముందే కొని, ప్లాట్లు వేసి, ఇళ్లు కట్టి, నెలవారీ వాయిదాల మీద అమ్మారు. జీతగాళ్లకి ఇల్లు దొరికింది, రైలుకి ప్రయాణికులు దొరికారు. మరి పగటిపూట, సెలవు రోజుల్లో ఖాళీగా తిరిగే రైళ్ల మాట? లైను ఆ చివర తకరాజుకాలో వేడినీటి స్నానశాల, ఆ తర్వాత 1914 నుంచి అమ్మాయిల నాటక బృందం ప్రదర్శనలు. ఈ చివర ఉమెదా స్టేషన్లో 1929లో పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోరు. పొద్దున ఉద్యోగులు ఇటు వస్తుంటే, మిగతా వేళల్లో కుటుంబాలు అటూ ఇటూ తిరుగుతాయి. చూడండి, ఇక్కడ మూడో జేబుని ఎవరో బయటివాడి దగ్గర వెతకలేదు. భూమి విలువ పెరిగితే ఆ లాభం రైలు కంపెనీదే, ఎందుకంటే భూమి కంపెనీదే.

హాంగ్‌కాంగ్ చేసింది దీనికే ప్రభుత్వ రూపం. 1975లో రైలు కార్పొరేషన్ పెట్టారు, 1979లో మొదటి లైను నడిచింది. అక్కడి పద్ధతి ఏమిటంటే, స్టేషన్ పైన, డిపో పైన కట్టుకునే హక్కుని ప్రభుత్వం రైలు సంస్థకి ఇస్తుంది, అయితే రైలు రాకముందు ఆ భూమికి ఉన్న ధర లెక్కన. రైలు వచ్చాక దాని ధర ఎంత అవుతుందో బిల్డర్లకి తెలుసు కాబట్టి వాళ్లు ఆ ధరకి ముందుకొస్తారు. ఈ రెండు ధరల మధ్య తేడా ఉంది చూశారూ, అదే లైనుకి డబ్బు. ఎంత తేలికగా ఉంది! కానీ దీన్ని ఎక్కడైనా చేసేయొచ్చు అనే మాట విన్నప్పుడు నాకు టెన్షన్ వస్తుంది. హాంగ్‌కాంగ్‌లో భూమి దాదాపు అంతా ప్రభుత్వానిదే, లీజుకి మాత్రమే ఇస్తారు. భూమి ఇప్పటికే వేలమంది చేతుల్లో ఉన్న చోట, రైలు ప్రకటన రాకముందే చుట్టుపక్కల కొనేసిన వాళ్లున్న చోట, ఆ తేడా రైలు ఖాతాలోకి రాదు. ముందే సమాచారం తెలిసినవాళ్ల ఖాతాలోకి పోతుంది. పన్ను కట్టినవాడు ఒకడు, లాభపడినవాడు ఇంకొకడు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాధ కలిగించేది ఇదే.

దానికి జపాన్ వాళ్లు చట్టంతో ఒక దారి వేశారు. టోక్యో అకిహబారా నుంచి త్సుకుబా దాకా 58 కిలోమీటర్ల త్సుకుబా ఎక్స్‌ప్రెస్. దానికోసం 1989లో ప్రత్యేక చట్టం తెచ్చారు, ఇళ్ల స్థలాల అభివృద్ధి, రైలు నిర్మాణం రెండూ కలిపి చేయాలని. స్థానిక ప్రభుత్వాలు, గృహనిర్మాణ సంస్థలు ఆ దారిలో అక్కడక్కడా భూమి ముక్కలు కొంటాయి, ఆ తర్వాత భూముల పునర్విభజనలో ఆ ముక్కలన్నింటినీ జరిపి జరిపి పట్టాలు పడాల్సిన చోటికి తెస్తారు. మిగతా యజమానులకి కాస్త చిన్నదైనా విలువ పెరిగిన ప్లాటు తిరిగి దొరుకుతుంది. భూసేకరణ గొడవ తగ్గింది, స్పెక్యులేషన్‌కి జాగా తగ్గింది. ఇక డబ్బు కూర్పు ఇంకా గొప్పది. దాదాపు 80 శాతం వడ్డీ లేని రుణం, అందులో సగం కేంద్రం వైపు నుంచి, సగం స్థానిక ప్రభుత్వాల నుంచి. 14 శాతం వాటా మూలధనం, మిగిలిన కొద్ది మాత్రమే వడ్డీ కట్టే అప్పు. 2005 ఆగస్టులో తెరిచారు, అనుకున్న ఖర్చు కంటే తక్కువలోనే. కొన్నేళ్లకే లాభాల్లోకి వచ్చింది. ఇందాక మనం చేసిన 117 లెక్క గుర్తు తెచ్చుకోండి. వడ్డీ లేకపోతే టికెట్ల డబ్బుతో అసలు తీర్చడం సాధ్యమే అవుతుంది. ఆ వదులుకున్న వడ్డీ పన్ను కట్టేవాళ్లదే అనుకోండి, కానీ అది తెలిసి, లెక్క రాసి ఇచ్చినది.

అయితే భూమి మీద ఆశ పెట్టుకుని ముందే అప్పు తేవడం వేరే సంగతి. కోపెన్‌హాగన్‌లో 1992లో చట్టం చేసి, ఓరెస్టాడ్ అనే ఖాళీ ప్రాంతాన్ని అమ్మి ఆ డబ్బుతో మెట్రో కట్టాలనుకున్నారు. అది లోకల్ రైలు కాదు, మెట్రో, కానీ పాఠం ఒకటే. రైలు 2002లో వచ్చింది, బాగానే నడుస్తోంది. భూమి మాత్రం అనుకున్నంత వేగంగా అమ్ముడవలేదు. అప్పు తీరే గడువు వెనక్కి వెనక్కి జరిగింది. స్థలాల ధరలు ఒక్కో దశాబ్దం పరిగెత్తుతాయి, ఒక్కో దశాబ్దం పడుకుంటాయి. వడ్డీ మాత్రం ఆదివారం కూడా పడుకోదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: లాభపడిన స్థలదారు కట్టాల్సిందే, అది న్యాయం. కానీ ఆ డబ్బు వస్తుందని నమ్మి కిస్తీ రాసుకోకూడదు, అది జూదం.

ఇప్పుడు పన్నులకి వద్దాం.

ఫ్రాన్స్‌లో 1971లో చాలా తెలివైన పన్ను ఒకటి పెట్టారు, మొదట పారిస్ ప్రాంతంలో, రెండేళ్ల తర్వాత మిగతా పెద్ద నగరాల్లో. ఒక స్థాయికి మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థా తను చెల్లించే జీతాల మొత్తం మీద కొంత శాతం రవాణాకి కట్టాలి. ఉద్యోగి జీతంలోంచి కోసేది కాదు, యజమాని కట్టేది. తర్కం చాలా సులువు. పొద్దున తొమ్మిదింటికి అందరూ ఒకేసారి ఆఫీసులో ఉండాలని కోరేది ఎవరు? యజమాని. ఆ కిటకిట సృష్టించేది ఆయన అవసరమే కాబట్టి అందులో వాటా ఆయన పెట్టాలి. పారిస్ ప్రాంతంలో రవాణా నడిపే ఖర్చులో సగానికి దగ్గరగా ఈ ఒక్క పన్నే మోస్తోంది. అర్ధశతాబ్దం దాటింది, ప్రభుత్వాలు మారాయి, పన్ను నిలబడింది. ఏ నగరమైనా నన్ను ఒక్క పన్నే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

అదే పారిస్ చుట్టూ ఇప్పుడు కడుతున్న గ్రాండ్ పారిస్ ఎక్స్‌ప్రెస్ ఇంకో పద్ధతి. 200 కిలోమీటర్లు, 68 స్టేషన్లు. 2010లో దీనికోసమే ఒక ప్రభుత్వ సంస్థ పెట్టి, ఆ ప్రాంతంలోని ఆఫీసు స్థలాల మీద పన్నులాంటివి కొన్నింటిని నేరుగా దానికే రాసిచ్చారు. ఆ పన్నుల రాబడి చూపించి అది బాండ్లు అమ్ముతుంది. పన్ను ముందు, అప్పు తర్వాత. క్రమం సరైనదే. అయినా ఖర్చు అంచనా 2013లో సుమారు 2,500 కోట్ల యూరోలు ఉంటే, 2017 చివరికి 3,800 కోట్లు దాటింది. ఆ పెరిగినదంతా కలిసి అప్పు తీరే గడువుని ఇంకో తరం మీదకి నెట్టింది. ఇవాళ స్కూల్లో ఉన్న పిల్లలు రిటైరయ్యే వయసుకి వచ్చేసరికి కూడా కిస్తీలు నడుస్తూ ఉండొచ్చు. వాళ్లు ఆ రైలు ఎక్కుతారు కాబట్టి కొంత కట్టడం తప్పు కాదు. కానీ వాళ్లని అడిగినవాళ్లు లేరు అన్నది మనం గుర్తుంచుకోవాలి.

అమెరికాలో జనాన్ని నేరుగా అడుగుతారు, బ్యాలెట్ మీద. లాస్ ఏంజెలెస్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) 2008 నవంబరులో, బ్యాంకులు కూలుతున్న నెలల్లో, సేల్స్ టాక్స్ అర శాతం పెంచుకుంటారా అని అడిగారు, 30 ఏళ్లకి. గెలవాలంటే మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి, 67.9 శాతం వచ్చాయి. 2012లో దాన్ని ఇంకా పొడిగిస్తాం అంటే 66.1 శాతం వచ్చాయి. అర శాతం పైచిలుకు తేడాతో ఓడిపోయింది. 2016లో ఇంకో అర శాతం పన్ను, ఈసారి గడువే లేకుండా, 70 శాతం దాటి గెలిచింది. అందులో ఎంత భాగం లోకల్ రైళ్లకి, ఎంత మెట్రోకి, ఎంత రోడ్లకి, ఎంత చిన్న పట్టణాలకి అన్నది ముందే రాసిపెట్టారు. అంత రాయకపోతే ఆ ఓట్లు రావు. రైలు దగ్గరికి రాని ఊళ్లవాళ్లు కూడా ఓటేయాలి కదా. సేల్స్ టాక్స్ పేదవాడి మీద ఎక్కువ బరువు పడే పన్ను అన్నది నిజం, నాకది నచ్చదు. కానీ చేతికి వస్తుంది, ఏటా వస్తుంది, అందుకే అక్కడి నగరాలు మళ్లీ మళ్లీ దాని దగ్గరికే వెళ్తాయి.

ఇప్పుడు అమెరికాలోనే డెన్వర్. ఇది చెప్పడం నాకు కష్టమే, కానీ కొత్త లైను గురించి ఆలోచించే ప్రతివాళ్లూ తెలుసుకోవాలి. 2004 నవంబరులో ఎనిమిది కౌంటీల ప్రజలు 0.4 శాతం సేల్స్ టాక్స్‌కి ఓటేశారు. ప్యాకేజీ అంచనా 470 కోట్ల డాలర్లు, అన్ని దిక్కులకీ రైలు. ఆ తర్వాత ఇనుము, సిమెంటు ధరలు పెరిగాయి, 2008 మాంద్యంలో జనం కొనడం తగ్గించారు, అమ్మకం పన్ను కూడా తగ్గింది. ఖర్చు పెరిగే వేళలోనే రాబడి పడిపోయింది. విమానాశ్రయం వైపు లైను ఫెడరల్ గ్రాంటు, ప్రైవేటు భాగస్వామ్యం కలిపి 2016లో నడిచింది, బాగుంది. కానీ వాయవ్యం వైపు బౌల్డర్ మీదుగా లాంగ్‌మాంట్ దాకా 41 మైళ్ల లైను వేస్తామన్నారు. అందులో నడిచింది మొదటి ఆరు మైళ్లే. ఆ దారి సరుకు రవాణా రైల్వే కంపెనీ పట్టాల మీద ఆధారపడింది, ఆ పట్టాలు వాడుకోవడానికి అయ్యే ఖర్చు మొదటి అంచనాలని దాటిపోయింది. లాంగ్‌మాంట్‌లో ఉండేవాళ్లు ప్రతి కొనుగోలు మీదా ఆ పన్ను కడుతూనే ఉన్నారు. ఓటేసినప్పుడు పుట్టిన పిల్లలు ఓటు హక్కు వయసు దాటేశారు, రైలు రాలేదు. వాళ్ల స్థానంలో ఉంటే ఇంకో రైలు పన్నుకి మీరు ఓటేస్తారా? ఒక ఊళ్లో పోగొట్టుకున్న నమ్మకం పక్క ఊరి రైలుని కూడా ఆపుతుంది.

దీనికి ఎదురుగా జూరిక్‌ని పెట్టి చూడండి. 1962లో ట్రాములని భూమి కిందికి దించుతాం అన్నారు, ఓటర్లు వద్దన్నారు. 1973లో అండర్‌గ్రౌండ్ రైలు అన్నారు, మళ్లీ వద్దన్నారు. 1981లో ఒక సొరంగం, ఉన్న పట్టాలన్నింటినీ దాంతో కలపడం, శివారు రైళ్లని నగరం మధ్య నుంచి అటువైపు దాకా నేరుగా నడపడం అన్న ప్రతిపాదనతో వచ్చారు, ఖర్చులో కాంటన్, అంటే స్విట్జర్లాండ్‌లో రాష్ట్రం లాంటిది, దాని వాటాగా 50 కోట్ల ఫ్రాంకుల పైచిలుకు అడిగారు. ఈసారి సరే అన్నారు. 1990 మే నెలలో నడిచింది. రెండుసార్లు కాదన్న జనమే మూడోసారి ఎందుకు ఒప్పుకున్నారు? నేను అర్థం చేసుకున్నదాన్ని బట్టి, అడిగింది చిన్నది, అందేది కాంటన్ మొత్తానికి. అందరూ కట్టేదానికి అందరికీ ఏదో ఒకటి దక్కింది.

లండన్ గురించి తొందరగా చెబుతాను. నగరం కింది నుంచి అటూ ఇటూ శివార్లని కలిపే ఎలిజబెత్ లైను డబ్బు కూర్పు తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు ఉంటుంది, ఇక్కడ నేను మంచి అర్థంలోనే అంటున్నాను. కేంద్ర ప్రభుత్వం కొంత, టికెట్ల రాబడి చూపించి నగర రవాణా సంస్థ చేసిన అప్పు కొంత, పెద్ద వ్యాపార భవనాల మీద 2010 ఏప్రిల్ నుంచి పన్ను కోసం లెక్కగట్టిన విలువలో పౌండుకి 2 పెన్నీల అదనం, 2012 నుంచి కొత్త నిర్మాణాల మీద రుసుము, లండన్ పాత వ్యాపార కేంద్రాన్ని నడిపే సిటీ కార్పొరేషన్, కానరీ వార్ఫ్ అనే ఆఫీసుల ప్రాంతం డెవలపర్ లాంటివాళ్ల వాటాలు. చిన్న దుకాణాలని ఆ పన్ను నుంచి తప్పించారు, అది నాకు చాలా నచ్చిన విషయం. కానీ 1,480 కోట్ల పౌండ్లు అనుకున్నది దాదాపు 1,900 కోట్లకి చేరింది. 2018 డిసెంబరు అన్నది 2022 మే అయింది. ఆలస్యం అంటే ఖర్చు పెరగడమొక్కటే కాదు. టికెట్ల డబ్బు మొదలవ్వాల్సిన రోజున మొదలవ్వదు, వడ్డీ మాత్రం మొదలైపోతుంది. మన 60 అప్పు మీద రెండేళ్లు ఆలస్యమైతే ఒక్క ప్రయాణికుడూ ఎక్కకుండానే 6 పైన అదనంగా పడుతుంది. లండన్‌లో ఆ అదనపు అప్పుని తీర్చే పని మళ్లీ ఆ వ్యాపార భవనాల పన్ను, కొత్త నిర్మాణాల రుసుము మీదే పెట్టారు.

మరి ప్రైవేటు? ప్రైవేటువాళ్లు కడితే ప్రభుత్వానికి భారం ఉండదు అనే మాట ప్రతి సభలోనూ వింటాను. సిడ్నీలో విమానాశ్రయం దారిలో నాలుగు స్టేషన్లని 2000లో ఒలింపిక్స్‌కి ముందు ప్రైవేటు కంపెనీ చేతుల్లో తెరిచారు, వాళ్ల పెట్టుబడి కోసం అక్కడ ఎక్కేవాళ్ల దగ్గర, దిగేవాళ్ల దగ్గర అదనపు రుసుము. ప్రయాణికులు అంచనాకి చాలా దూరంలో ఆగిపోయారు, అదే ఏడాది చివర్లో కంపెనీ అప్పులిచ్చినవాళ్ల అధీనంలోకి పోయింది. కౌలాలంపూర్‌లో 1990ల్లో రెండు పట్టణ రైలు లైన్లు రెండు ప్రైవేటు కంపెనీలు కట్టాయి, అప్పులు మోయలేక 2002లో రెండూ ప్రభుత్వం చేతికి వచ్చాయి. రైలు మూత పడదు, పడకూడదు కూడా, రోజూ జనం దాని మీద బతుకుతారు కాబట్టి. ఆ సంగతి అప్పిచ్చేవాడికి తెలుసు. కాగితం మీద రిస్కు ఎవరి పేరున ఉన్నా చివరికి అది ప్రజల దగ్గరికే నడిచొస్తుంది.

ప్రైవేటు అంటే వద్దు అని నేను అనటం లేదు. కెనడాలోని మాంట్రియల్‌లో ఆ క్యుబెక్ రాష్ట్రపు పెన్షన్ ఫండే రైలు కడుతోంది, 67 కిలోమీటర్లు, మొదటి భాగం 2023 జులైలో నడిచింది. ఉద్యోగుల పొదుపు దీర్ఘకాలం నిలిచే ఆస్తిలోకి వెళ్లడం మంచి ఆలోచన. అయితే ఆ ఫండుకి ఒక ప్రయాణికుడు ఒక కిలోమీటరు వెళ్తే ఇంత అని ప్రాంతీయ రవాణా సంస్థ చెల్లిస్తుంది, ఒప్పందం 99 ఏళ్లు. రైలుకి పోటీ లేకుండా బస్సు రూట్లు మార్చాలన్న మాట కూడా ఒప్పందంలో భాగమే. పాత లోకల్ రైలు లైనుని మార్చడానికి మూసేస్తే, రోజూ దాన్నే నమ్ముకున్నవాళ్లు ఏళ్ల తరబడి బస్సుల్లో తిప్పలు పడ్డారు. ఇవన్నీ తప్పని కాదు, ఇవన్నీ ధరలే. డబ్బు రూపంలో కనబడని ధరలు.

పేద దేశాలకి ఇంకో చిక్కు ఉంటుంది. ఫిలిప్పీన్స్‌లో మనీలా చుట్టూ కడుతున్న ఉత్తర దక్షిణ లోకల్ రైలు, సుమారు 147 కిలోమీటర్లు, ఎక్కువ భాగం జపాన్ సహాయ సంస్థ జైకా, ఆసియా అభివృద్ధి బ్యాంకు రుణాలతో. 2019లో ఆ బ్యాంకు ఒక భాగానికే 275 కోట్ల డాలర్ల దాకా ఒప్పుకుంది. వడ్డీ తక్కువ, గడువు పొడవు, మొదటి కొన్నేళ్లు అసలు కట్టక్కర్లేదు. చాలా మంచి షరతులు. కానీ టికెట్టు పెసోల్లో, కిస్తీ డాలర్లలో, యెన్‌లలో. 30 ఏళ్లలో పెసో ఎంత పడితే అప్పు అంత పెరిగినట్టే. తక్కువ వడ్డీ చూసి మురిసిపోయే ముందు ఈ ఒక్క గడి నింపి చూసుకోవాలి.

ఇంకో మాట, అంచనాల గురించి. బెంట్ ఫ్లైబ్జెర్గ్ అనే డెన్మార్క్ పరిశోధకుడు, ఆయన సహచరులు ప్రపంచమంతా పూర్తయిన రైలు ప్రాజెక్టులని కూర్చోబెట్టి లెక్క చూశారు. ఖర్చు సగటున 45 శాతం పెరిగింది, ప్రయాణికులు సగటున అంచనాలో సగం మందే వచ్చారు. నేను కూడా ఒకసారి ఒక సమావేశంలో కూర్చున్నాను. కిస్తీ కట్టడానికి రోజుకి ఎంతమంది ఎక్కాలో ముందు లెక్కేశారు, ఆ తర్వాత అంతమంది ఎక్కుతారని నివేదికలో రాశారు. ఎవరూ గొంతు పెంచలేదు, నేనూ పెంచలేదు. ఆ కాకి లెక్క మీద అప్పు వచ్చింది. అప్పుడు మాట్లాడాల్సింది.

చివరిగా నడిపే ఖర్చు. కట్టడానికి గ్రాంటు దొరుకుతుంది, రిబ్బన్ కత్తిరించడానికి జనం దొరుకుతారు. పదో ఏడు సిగ్నలింగ్ మార్చడానికి ఎవరూ దొరకరు. శాన్‌ఫ్రాన్సిస్కో, శాన్ హోసే మధ్య నడిచే కాల్‌ట్రెయిన్‌కి దశాబ్దాల పాటు సొంత పన్నంటూ ఏదీ లేదు, మూడు కౌంటీలు ఏటా మాట్లాడుకుని తలా కొంత ఇచ్చేవి. నడిపే ఖర్చులో ఎక్కువ భాగం టికెట్లే మోసేవి, అందరూ దాన్ని మెచ్చుకునేవాళ్లు. 2020లో కోవిడ్ వచ్చింది, రైళ్లు ఖాళీ అయ్యాయి, ఆ మెచ్చుకోలే మెడకి చుట్టుకుంది. ఆ నవంబరులో మూడు కౌంటీల ఓటర్లు 30 ఏళ్లకి ఎనిమిదో వంతు శాతం సేల్స్ టాక్స్‌కి ఒప్పుకున్నారు కాబట్టి రైలు బతికింది. లేకపోతే అప్పట్లో కొత్తగా వేస్తున్న కరెంటు తీగల కింద నడపడానికి డబ్బుండేది కాదు.

నా మాట ఇక్కడికి ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి. చెప్పమ్మా.

(సభలోంచి ప్రశ్న: కారులో వెళ్లేవాళ్ల డబ్బుతో రైలు కట్టడం న్యాయమేనా సార్?)

మంచి ప్రశ్న. వాషింగ్టన్ నుంచి డల్లెస్ విమానాశ్రయం వైపు వేసిన మెట్రో లైనులో పెద్ద వాటా పక్కనే ఉన్న టోల్ రోడ్డు వాహనాలది. న్యూయార్క్‌లో 2025 జనవరి 5 నుంచి మాన్‌హటన్ దక్షిణ భాగంలోకి వచ్చే కార్లకి రద్దీ వేళల్లో 9 డాలర్లు, ఆ రాబడి మీద 1,500 కోట్ల డాలర్ల పనులు, అందులో శివారు రైళ్లకీ వాటా ఉంది. రైలు ఎక్కినవాడు రోడ్డు మీద నుంచి తప్పుకున్నాడు కదమ్మా, ఆ ఖాళీ దక్కింది కారులో ఉన్నవాడికే. అందుకని న్యాయమే అంటాను. కానీ రైలు వచ్చేలోగా ఆ టోల్ భరించలేని వాళ్లుంటారు, రాత్రి షిఫ్టుల వాళ్లు, పనిముట్లతో తిరిగేవాళ్లు. వాళ్లకి రాయితీ ముందే రాసిపెట్టాలి.

ఇంకెవరైనా? ఆ మూల నుంచి... చెప్పండి బాబూ.

(ప్రశ్న: మా ప్రాంతానికి లైను ప్రకటిస్తే మేం మొదట ఏం అడగాలి?)

ఒకే ఒక్క పట్టిక అడగండి. ఏడాది వారీగా, అప్పు తీరే చివరి ఏడాది దాకా: ఆ ఏడు కట్టాల్సిన కిస్తీ ఎంత, నడిపే ఖర్చు ఎంత, టికెట్ల నుంచి ఎంత, ఏ పన్ను నుంచి ఎంత, ఏ భూమి నుంచి ఎంత. ప్రయాణికులు సగమే వస్తే అదే పట్టిక ఎలా ఉంటుందో పక్కన ఇంకో వరుస వేయమనండి. అలాంటి పట్టిక ప్రతి ప్రాజెక్టు కార్యాలయంలోనూ ఉంటుంది, అప్పిచ్చే బ్యాంకు అది చూడకుండా సంతకం పెట్టదు. బ్యాంకుకి చూపించింది మీకూ చూపించమనండి. ఇవ్వం అంటే ఎందుకు ఇవ్వరో రాతపూర్వకంగా అడగండి.